వద్దనే మనిషి కావాలి

ఆ ఏడు కృష్ణ పొంగి సాంగ్లీ వీధుల్లోకి నీళ్ళొచ్చిన వారంలోనే భూపాల్ చౌగులేకు జ్వరం తగిలింది. మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ దుకాణం ఆయనది. బస్తాలను అటక మీదికి ఎక్కిస్తూ పొద్దంతా వానలో నిలబడ్డాడు. సాయంత్రానికి పళ్ళు టకటక కొట్టుకుంటుండగా ఇల్లు చేరి రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాడు. ఇంట్లో జ్వరం మాత్ర ఒక్కటి లేదు. వీధి చివర మందుల షాపులో మోకాలి లోతు నీళ్ళు. భార్య రాజమతి ఫోను తీసి 'దారాశీ' యాప్‌లో మాత్రలు వెతికింది.

ఆ యాప్‌లో ఏది కొన్నా డబ్బు కట్టే ముందు ఒక బొమ్మ అడ్డమొస్తుంది. కన్నీరు కారుస్తున్న ఆవు, దాని పక్కన బక్కచిక్కిన దూడ. కింద రెండు బటన్లు. పచ్చగా నిగనిగలాడే పెద్దదాని మీద 'అవును, పశువుల మేతకు నా వంతు ఇస్తాను' అని ఉంటుంది. దాని అడుగున, కళ్ళజోడు లేకపోతే కనబడనంత సన్నని బూడిదరంగు అక్షరాల్లో 'లేదు, నాకు మూగజీవాల మీద దయ లేదు' అని ఉంటుంది. రాజమతి ఎప్పుడూ పచ్చదే నొక్కేది. చీమలబారు కనిపిస్తే ముగ్గును పక్కకు జరిపి వేసుకునే జైనుల ఇంటి ఇల్లాలు రెండోది ఎలా నొక్కుతుంది?

అయితే ఆమధ్య ఆమె ముసలి పశువుల్ని సాకే పాంజరపోళ్‌కు గడ్డి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, దారాశీ వాళ్ళ మేత ఇక్కడికే వస్తోందా అని అడిగింది. ఆ పేరే వినలేదన్నారు. సరే, ఏ ఊరికి వెళ్తోందో అని యాప్‌నే అడిగింది. 'మీ దయకు ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. మళ్ళీ అడిగితే మళ్ళీ ధన్యవాదాలే. ఎక్కడికి పోతోందో తెలియని మేతకు ఇక ఇవ్వకూడదని అప్పుడే అనుకుంది.

ఇప్పుడు మాత్రలు కొనాలి, మేత వద్దనాలి. మామూలు 'వద్దు' ఎక్కడైనా ఉందేమోనని తెర పైకీ కిందికీ జరిపింది. లేదు. వెనక్కి వెళ్ళి వస్తే మళ్ళీ అదే ఆవు. దుప్పట్లో భూపాల్ మూలిగాడు. రాజమతి కళ్ళు మూసుకుని బూడిదరంగు బటన్ నొక్కింది. కాసేపటికి ఒకాయన ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి మాత్రలు ఇచ్చి వెళ్ళాడు.

తెల్లారేసరికి జ్వరం దిగింది. కానీ రాజమతి తెల్లచీర కట్టుకోలేదు.

వానాకాలం నాలుగు నెలలూ ఊళ్ళో దిగంబర ముని ఒకరు మకాం చేసి ఉన్నారు. అందరూ మహారాజ్ అంటారు. ఆయన రోజుకు ఒక్కపూటే ఆహారం తీసుకుంటారు. పొద్దున ఆయన బయలుదేరే వేళకు ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని, కలశం పట్టుకుని, ఆలుమగలు వాకిళ్ళలో నిలబడి 'నమోస్తు, నమోస్తు' అని పిలుస్తారు. ఏ గుర్తు కనబడితే ఆగాలని ఆయన మనసులో అనుకుని వస్తారో, ఎవరి వాకిట ఆగుతారో ఎవరికీ తెలియదు. ఆగిన ఇంట్లో వాళ్ళు వడ్డించే ముందు తమ మనసూ మాటా ఒళ్ళూ శుభ్రంగా ఉన్నాయని పైకి చెప్పాలి: మనశ్శుద్ధి, వచన శుద్ధి, కాయ శుద్ధి, ఆహారం నీళ్ళు శుద్ధి. ఆ మాట చెప్పాకే ఆయన దోసిలి పడతారు. ఈ మకాం మొదలైన దగ్గర్నుంచి రాజమతీ భూపాలూ రోజూ నిలబడుతున్నారు. ఆయన ఇంకా వీళ్ళ వాకిట ఆగలేదు.

"నాకు లేవబుద్ధి కావట్లేదు, నువ్వెళ్ళి నిలబడవే," అన్నాడు భూపాల్ దుప్పట్లోంచి.

"నేనూ నిలబడను."

"నీకూ జ్వరమా?"

"వచన శుద్ధి అని ఏ నోటితో అనమంటారు? రాత్రి దయ లేదని చెప్పానుగా."

"ఎవరితో చెప్పావ్?"

"ఫోన్లో."

భూపాల్‌కు నవ్వొచ్చింది, దాంతో దగ్గొచ్చింది. "బటన్ నొక్కితే మాట చెప్పినట్టా? ఓసి పిచ్చిదానా, అది యంత్రం."

"మొన్న బ్యాంకువాళ్ళ కాగితం మీరు ఫోన్లోనే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కారు. ఇంక మాట మార్చడానికి లేదు, ఇది సంతకంతో సమానం అని మీరే అన్నారు. ఒప్పుకుంటే మాట, ఒప్పుకోకపోతే యంత్రమా?"

భూపాల్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆ బటన్ ఆమె నొక్కింది తన జ్వరం కోసమే.

*

ప్రాయశ్చిత్తం అడిగితే సరిపోతుంది కదా అని మధ్యాహ్నం ఇద్దరూ మహారాజ్ దగ్గరికి వెళ్ళారు. ఆయన చెక్కపలక మీద కూర్చుని అంతా విన్నారు. ఫోను పట్టుకోని మనిషి కాబట్టి పచ్చ బటనూ బూడిద బటనూ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఆ మాట నువ్వే కూర్చుకున్నావా అమ్మా?" అని అడిగారు.

"లేదు మహారాజ్. రాసి ఉంది. నేను నొక్కాను."

"వేరే మాట ఎంచుకునే వీలుందా?"

"అవునని అనొచ్చు. వద్దని ఉత్తినే అనే వీల్లేదు."

ఆయన కాసేపు నెమలిపింఛాల కట్టను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పారు. "నీ అబద్ధమైతే ప్రాయశ్చిత్తం చెప్తాను. ఇంకొకరి అబద్ధానికి నీకు చెప్పకూడదు. ముందు అది ఎవరి మాటో తేల్చుకుని రా."

బయటికొచ్చాక భూపాల్ అన్నాడు, "ఇదెక్కడి గొడవే! ఎవరిని అడిగి తేల్చుకుంటాం?"

"వాళ్ళనే," అంది రాజమతి.

జిల్లా వినియోగదారుల కమిషన్ ఆఫీసులో గుమాస్తా ఆమె చెప్పింది విని తల గోక్కున్నాడు. మనుషుల్ని సిగ్గుపరిచి, కంగారుపెట్టి, తికమకపెట్టి ఒప్పించే ఇలాంటి ఎత్తులు చెల్లవని కేంద్రం కొన్నేళ్ళ కిందటే నిబంధనలు తెచ్చిందని, కేసు నిలబడుతుందని అతనే చెప్పాడు.

"మరి మీకేం కావాలో రాయాలక్కా. డబ్బు వాపసా, నష్టపరిహారమా?"

"రెండూ వద్దు. ఆ మాట ఎవరిదో వాళ్ళని చెప్పమను."

"దానికి ఇందులో గడి లేదే!"

"లేకపోతే పక్కన ఖాళీ ఉందిగా, అక్కడ రాయి నాయనా."

ఈ సంగతి మార్కెట్ యార్డుకు భూపాల్ కంటే ముందే చేరింది. హమాలీల మేస్త్రీ గణపత్ రోజుకో మాట విసిరేవాడు. "శేట్, నిన్న నా ఫోను 'నేను రోబోను కాను' అని నా చేత ఒప్పించింది. కేసు వేద్దామంటావా?" పక్క దుకాణంవాళ్ళు బస్తాల మీద కూర్చుని కారం మరమరాల భడంగ్ నములుతూ పగలబడి నవ్వేవాళ్ళు. భూపాల్ కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకో నాలుగు పడతాయని ఆయనకు తెలుసు.

*

వాయిదాకు ముందురోజు సోహనీ అనే వకీలు పుణె నుంచి నేరుగా దుకాణానికి వచ్చాడు. కంపెనీ తరఫు మనిషి. తెల్లచొక్కా, మెత్తని మాట. రాజీ చేసుకుందామన్నాడు. అప్పటిదాకా మేతకని పోయిందంతా తిరిగి ఇచ్చేస్తామని, ఏడాదిపాటు సరుకులు ఇంటికి ఉచితంగా చేరుస్తామని చెప్పాడు.

"మా ఆవిడనడగాలి వకీల్‌సాబ్. మీరు టీ తాగండి," అన్నాడు భూపాల్.

ఆ సమయంలోనే ఒక రైతు పసుపు అమ్మిన డబ్బు కోసం గల్లా ముందుకొచ్చి నిలబడ్డాడు. భూపాల్ నోట్లు తీసి చేతిలో పట్టుకుని, ఇంకా ఇవ్వకుండా, రెండో చేత్తో గల్లా పక్కనున్న రేకు డబ్బాను గలగలా ఆడించాడు. పాంజరపోళ్ డబ్బా అది. మీద ఆవు బొమ్మ.

"ఏం పాటిల్! మూగజీవాలకి ఏమీ లేదా?"

చుట్టూ ఉన్న నలుగురూ పాటిల్ వైపు చూశారు. పాటిల్ నవ్వినట్టు ముఖం పెట్టి, "ఎందుకుండదు శేట్," అని భూపాల్ చేతిలోని ఆ నోట్లలోంచే ఒకటి తీసి డబ్బాలో వేశాడు. సోహనీ కూడా జేబులో చెయ్యిపెట్టి ఏదో వేశాడు. టీ తాగి, డబ్బా వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ డబ్బాకు ఓ చరిత్ర ఉంది. భూపాల్ తండ్రి నాళ్ళలో యార్డులో ప్రతి బిల్లులోనూ ధర్మాదాయం అని కొంత కోసుకునేవారు. పశువులకనీ, గుడికనీ. రైతును అడిగేది లేదు. తర్వాత మార్కెట్ కమిటీ ఆ కోత కుదరదంది. బిల్లులో ఆ పద్దు తీసేశారు. మర్నాడే గల్లా పక్కకు డబ్బా వచ్చింది. ఎవరి ఇష్టం వాళ్ళదని తండ్రి చెప్పేవాడు. ఆ డబ్బా ఏనాడూ ఖాళీగా పోలేదు. దాని గురించి భూపాల్‌కు గర్వంగానే ఉండేది.

*

కమిషన్ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. అధ్యక్షురాలు ఇనామ్‌దార్ మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసే మనిషి. సోహనీ లేచి, కంపెనీ ఉదారంగా ఇస్తానన్నవన్నీ చదివాడు. రాజమతి వద్దంది.

"మరేం కావాలమ్మా మీకు?" అంది మేడమ్.

"దయ లేదని నేను అన్నానా, వాళ్ళన్నారా, అది తేలాలి."

సోహనీ నవ్వాడు. "మేడమ్, ఈమెకు దయ లేదని మేము ఎక్కడా అనలేదు. మా దగ్గర అసలు ఆ వాక్యమే దాచి ఉండదు. కావాలంటే ఆ పేజీ తయారుచేసిన అమ్మాయిని అడగండి."

గోడ మీది తెరలో ఒక అమ్మాయి కనిపించింది. పేరు ఈశా. ముప్పై లోపే ఉంటుంది. అవునంటే యంత్రంలో ఒకటి పడుతుందని, కాదంటే సున్నా పడుతుందని, మాటలేవీ మిగలవని చెప్పింది.

"మాటలు మిగలనప్పుడు మాటలు పెట్టడం ఎందుకు? వద్దు అని పెడితే సరిపోదా?" అని అడిగింది మేడమ్.

ఈశా సోహనీ వైపు చూడబోయింది. తెరలో ఎటు చూడాలో తెలియక కిందికి చూసింది. "మొదట వద్దు అనే పెట్టాం మేడమ్. చాలామంది అదే నొక్కేవాళ్ళు. తర్వాత రకరకాల వాక్యాలు పెట్టి చూశాం. ఇది బాగా పనిచేసింది."

"బాగా అంటే?"

"వద్దనేవాళ్ళు తగ్గిపోయారు."

"వాళ్ళలో దయ పెరిగిందంటావా?"

"అది... మేము కొలవలేదు మేడమ్."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ అటు చూడగానే ఆగిపోయారు.

"ఆ వాక్యం ఎవరు రాశారు?"

"నేనే."

రాజమతి తనను అడగకుండానే లేచి నిలబడింది. "నీకు నిజంగా దయ లేదా అమ్మా?"

"అయ్యో, ఉందక్కా! మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి."

"మరి లేదని ఎందుకు రాశావు?"

"అది నా గురించి కాదు. మీ గురించీ కాదు. ఎవరి గురించీ రాయలేదు. ఊరికే... వద్దనడం కష్టంగా ఉండాలని."

మేడమ్ ఆ మాట రాసుకోమని స్టెనోకు చెప్పింది. అప్పుడు సోహనీ గొంతు సవరించుకున్నాడు. ఇది లోకంలో అందరూ చేసేదేనని, దానం అడిగేటప్పుడు మనసు కరిగేలా అడగడం నేరం కాదని అన్నాడు. "అంతదాకా ఎందుకు మేడమ్, ఫిర్యాదు చేసినావిడ భర్త దుకాణంలోనే, రైతుకివ్వాల్సిన డబ్బు చేతిలో పట్టుకుని, ఆవు డబ్బా ఆడించి అడుగుతారు. నేను కళ్ళారా చూశాను. నేనూ వేశాను."

అందరి తలలూ భూపాల్ వైపు తిరిగాయి.

"నిజమేనా చౌగులే గారూ?"

"డబ్బా ఉంది మేడమ్. అడుగుతాం. ఎవరి ఇష్టం వాళ్ళది."

"వద్దన్నవాళ్ళని ఏం చేస్తారు?"

"వద్దని ఇంతవరకూ ఎవరూ అనలేదు."

అది తన మంచి పేరుకు సాక్ష్యం అనుకుని చెప్పాడు. గదిలో అందరూ గొల్లుమన్నాక గానీ ఏం చెప్పాడో ఆయనకు అర్థం కాలేదు. మేడమ్ కూడా పెదవి బిగపట్టుకుంది.

"డబ్బా సంగతి నా ముందుకు రాలేదు. వస్తే చూస్తాను. ఇవాళ బటన్ ఒక్కటే," అని, వకీలును మధ్యాహ్నంలోగా కంపెనీతో మాట్లాడుకుని రమ్మంది. నిబంధనల ప్రకారం తీర్పు రాయాల్సి వస్తే అది ఈ ఒక్క ఫిర్యాదుతో ఆగదని కూడా అంది.

సోహనీ వరండాలో ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు తిరిగాడు. భోజనాలయ్యాక ఒక కాగితం తెచ్చాడు. ఆ వాక్యం కంపెనీ రాసినది, ఫిర్యాదీ చెప్పినది కాదు, ఆమె వద్దని మాత్రమే చెప్పింది, ఇకమీదట బటన్ మీద 'వద్దు' అని మాత్రమే, పచ్చదానంత అక్షరాల్లో ఉంటుంది. అదీ అందులోని సారం. మేడమ్ దాన్ని ఉత్తర్వులో చేర్చింది. రాజమతి రెండుసార్లు చదివి మడిచి కొంగున కట్టుకుంది.

తిరిగి వస్తూ రిక్షాలో ఆమె ఒక్కమాటే అంది. "ఆ పిల్ల మంచిదేనండీ పాపం."



*

మహారాజ్ కాగితం చదివించుకుని విన్నారు. "అయితే నీకు చెప్పాల్సిన ప్రాయశ్చిత్తం నా దగ్గర లేదమ్మా. నీ మాట శుద్ధంగానే ఉంది. వాకిట్లో నిలబడొచ్చు."

రాజమతి మొక్కి లేచింది. భూపాల్ మొక్కాడు గానీ లేవలేదు. దారంతా ఆయన చెవిలో డబ్బా గలగల ఆగలేదు.

"మహారాజ్, నా సంగతి?"

"నీకేమైంది?"

డబ్బా సంగతి చెప్పాడు. పాటిల్ సంగతి, కమిషన్‌లో జనం నవ్విన సంగతి కూడా. ఏదీ దాచలేదు.

"ఆ అడిగే మాట ఎవరు రాసిచ్చారు నీకు?"

"ఎవరూ లేదు. మా నాన్న అడిగేవాడు. నేనూ అడుగుతున్నాను."

"అయితే నీదే. నీకుంది ప్రాయశ్చిత్తం." ఆయన ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. "ఒక మనిషిని అడుగు. అతను నీ ముఖం చూస్తూ వద్దనాలి. నువ్వు సరే అనాలి. అంతే. అది అయ్యాక వాకిట్లో నిలబడు."

"అంతేనా?" అన్నాడు భూపాల్. రేపు మధ్యాహ్నానికల్లా అయిపోతుందనుకున్నాడు.

రాజమతి మాత్రం ఒంటరిగా నిలబడనంది. దీపావళి కాగానే మహారాజ్ ఊరు విడిచి వెళ్తారు. ఆ లోపు వాకిట్లో ఇద్దరం కలిసే నిలబడాలని ఆమె పట్టు.

*

మర్నాడు మొదటి రైతు రాగానే భూపాల్ డబ్బా ఆడించకుండా మెల్లగా అడిగాడు. "పశువులకి ఏమైనా ఇస్తావా? వద్దంటే వద్దని చెప్పేయ్, ఏం పర్వాలేదు."

రైతు బెదిరిపోయాడు. "ఏం శేట్, నా మీద కోపమా? ఎప్పుడు లేదన్నాను?" అని మామూలు కంటే ఎక్కువే వేశాడు.

రెండోవాడూ అంతే. మూడోవాడు వేసి, బయటికి వెళ్ళి గణపత్‌ను అడిగాడట, శేట్ ఇవాళ ఎందుకో దెప్పుతున్నాడు, సరుకు తూకంలో తేడా వచ్చిందా అని. వారం తిరిగేసరికి డబ్బా ఎన్నడూ లేనంత బరువెక్కింది.

డబ్బాను తీసి లోపలి గదిలో పెట్టాడు. అప్పుడు ఎవరూ ఏమీ వేయలేదు. కానీ అడగనిదే వద్దనేవాడు ఎవడు? అది లెక్కలోకి రాదని రాజమతి తేల్చేసింది.

గణపత్ ఒక ఉపాయం చెప్పాడు. "శేట్, దీనికింత బాధెందుకు? మా తమ్ముణ్ణి రైతులా పంపిస్తా. 'వద్దు' అంటాడు, నువ్వు 'సరే' అను. మహారాజ్‌కి ఏం తెలుస్తుంది?"

భూపాల్ ఒక్క నిమిషం ఆశపడ్డాడు. అంతలో తెరలోని ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది. "వద్దులేరా. అది మళ్ళీ నేను రాసిచ్చిన మాటే అవుతుంది."

"ఎందుకీ జనం వద్దనరు? నేనేమన్నా పులినా?" అని అడిగాడు ఆరోజు అన్నం దగ్గర.

"వాళ్ళ డబ్బు అప్పుడు ఎవరి చేతిలో ఉంటుంది?" అంది రాజమతి రొట్టె వడ్డిస్తూ.

భూపాల్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాడు. ముందు డబ్బు ఇచ్చేసేవాడు. రైతు దాన్ని మడిచి లోజేబులో పెట్టుకునేదాకా గల్లా మీద ఏదో వెతుకుతున్నట్టు తల దించుకునేవాడు. తర్వాత టీ ఇప్పించి, గుంపులోంచి పక్కకు తీసుకెళ్ళి, బస్తాల చాటున అడిగేవాడు. రెండురోజులకు ఒక ముసలి రైతు అనేశాడు కూడా. "ఈసారికి వద్దు శేట్."

భూపాల్‌కు కావలసిన మాట అదే. సరే అనాలి. కానీ ఇన్నేళ్ళ అలవాటు ముందే నోట్లోంచి జారింది. "అదేం?"

ముసలాయన ముఖం ముడుచుకుపోయింది. "అబ్బే, ఉత్తినే అన్నా," అంటూ లోజేబు తడిమాడు. వద్దు తాతా, వద్దు అని భూపాల్ ఎంత మొత్తుకున్నా వినకుండా ఇచ్చి వెళ్ళిపోయాడు. భూపాల్ ఆ నోటు పట్టుకుని బస్తా మీద కూలబడ్డాడు.

దీపావళి దగ్గరపడింది. మహారాజ్ ప్రయాణం గురించి ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. రాజమతి తొందరపెట్టలేదు. పొద్దున వేరే వాళ్ళు తెల్లబట్టల్లో వాకిళ్ళలో నిలబడుతుంటే, ఆమె తలుపు లోపలే ఉండి నమస్కారం చేసుకునేది.

ధనత్రయోదశికి ముందురోజు దిగ్రజ్ నుంచి తారాబాయి వచ్చింది. నడివయసు మనిషి, తన పొలం తనే చేసుకుంటుంది. ఆ రోజు ఆమె పసుపుకు మంచి ధరే పలికింది. భూపాల్ డబ్బిచ్చాడు. ఆమె చీరకొంగున ముడేసి నడుముకు దోపుకుంది. టీ తాగింది. భూపాల్ బస్తాల పక్కన ఆమెకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తారాక్కా, పాంజరపోళ్ పశువులకి ఏమైనా ఇస్తావా?"

"వద్దు. నా ఇంట్లో రెండు ఎద్దులున్నాయి, వాటికే గడ్డి కొనాలి."

భూపాల్ నాలుకను పళ్ళ మధ్య పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "సరే."

తారాబాయి ఆయన ముఖంలోకి చూస్తూ ఉంది. ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తోంది.

"ఏం శేట్, అంతేనా?"

"అంతే అక్కా."

"వచ్చేసారి నా సరుకు తీసుకుంటావు కదా?"

"ఎందుకు తీసుకోను? తీసుకురా."

"ఆహా," అని ఆమె లేచింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ఇంకోసారి చూసింది. భూపాల్ ఆమెకు చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

గణపత్ బస్తా దించి వచ్చి చూస్తే, శేట్ ఖాళీ టీ గ్లాసు చేత్తో పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు.

"ఏంటి శేట్, బేరం బాగా గిట్టిందా?"

"ఏమీ రాలేదురా," అన్నాడు భూపాల్. "ఒక్క పైసా రాలేదు."

మర్నాడు పొద్దున ఇద్దరూ బావినీళ్ళతో స్నానం చేసి, ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని, వాకిట్లో నిలబడ్డారు. రాజమతి చేతిలో కలశం ఉంది. మహారాజ్ కుడిచేతి వేళ్ళు ముడిచి భుజం మీద ఆనించుకుని వీధి మలుపు తిరిగారు. మూడు వాకిళ్ళు దాటారు. నమోస్తు, నమోస్తు అని రెండు వైపులా గొంతులు. వీళ్ళ వాకిలి కూడా దాటిపోయారు. రాజమతి పిలవడం ఆపలేదు. వీధి చివరిదాకా వెళ్ళి, ఆయన మనసులో ఉన్న గుర్తు ఏదో అక్కడ కనబడలేదేమో, వెనక్కి తిరిగి వచ్చి వీళ్ళ ముందు ఆగారు.

లోపల పీట మీద నిలబెట్టి, కాళ్ళు కడిగి, రాజమతి చేతులు జోడించింది. "మనశ్శుద్ధి, వచన శుద్ధి, కాయ శుద్ధి. ఆహారం, నీళ్ళు శుద్ధి." గొంతు ఎక్కడా తడబడలేదు.

తర్వాత పక్కకు చూసింది. మహారాజ్ కూడా చూశారు.

"మనశ్శుద్ధి," అన్నాడు భూపాల్. అక్కడ ఒక్క క్షణం ఆగాడు. బస్తాల పక్కన తారాబాయి ముఖం కళ్ళముందు కదిలింది. "వచన శుద్ధి," అన్నాడు.

మహారాజ్ దోసిలి పట్టారు.